స్కూలు బూట్లు: రెండు సైజులు పెద్దవి కొంటే రెండేళ్లు వస్తాయా?

బలగ అమ్మ (శ్రీకాకుళం)

జూన్ 12న బడులు తెరుస్తారు, ఈలోగా ఇద్దరికీ నల్ల బూట్లు కొనాలి. పాపకి ఏడేళ్లు, బాబుకి పదేళ్లు. గోడకి మడమ ఆనించి కొలిస్తే పాప ఎడమ పాదం 18.6 సెంటీమీటర్లు, కుడి పాదం 18.9 వచ్చాయి. బాబువి రెండూ 21.8. వాడి పాదం ముందువైపు బాగా వెడల్పు, ఏ జత వేసినా చిటికెన వేలి దగ్గర కరుస్తుంది.

రెండు సైజులు పెద్దవి తీసుకుని ముందు దూది కుక్కితే రెండేళ్లు లాగించొచ్చని ఇంట్లో పెద్దవాళ్ల మాట. అది నిజంగా పనికొచ్చే పద్ధతేనా? డబ్బాల మీద ఒకదానికి 12, ఒకదానికి 30, ఇంకోదానికి 2 అని ఉంటాయి, నా కొలతలకి ఏ నంబరు అడగాలి? వెల్క్రోనా, లేసులా? బాబు బూట్లు దసరా నాటికల్లా ముందు సోలు నోరు తెరిచేస్తాయి, అది సరుకు లోపమా, వాడకం లోపమా? జతకి వెయ్యి లోపు అనుకుంటున్నాను. వానకి తడిసిన బూటుని తెల్లారేసరికి ఆరబెట్టే మార్గం కూడా ఎవరైనా చెప్తే బాగుణ్ణు.

మూడో వంతు అంగుళం (విజయనగరం)

దూది సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. పెద్ద సైజు బూటు ఎక్కువ కాలం రాదు. సరిపోయే బూటు కంటే ముందే పోతుంది.

బూటుని కాలి ఆకారంలో ఉండే అచ్చు మీద తయారుచేస్తారు, దాన్ని లాస్ట్ అంటారు. నడిచేటప్పుడు పాదం వంగేది బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక దగ్గర. సోలు మెత్తగా వంగే చోటు, పైతోలు మడతపడే చోటు రెండూ ఆ గీత మీదికే వచ్చేలా అచ్చు ఉంటుంది. రెండు సైజులు పెద్దది వేశారనుకోండి, బూటు 17 మిల్లీమీటర్లు పొడవవుతుంది, దాని వంపు గీత పిల్లాడి పాదం గీతకి సెంటీమీటరు పైనే ముందుకి జరిగిపోతుంది. కాలు ఒకచోట వంగుతుంటే బూటు ఇంకోచోట వంగాలని చూస్తుంది. పైతోలు మడతపడకూడని చోట మడతపడి చిట్లుతుంది. ముందు ఖాళీగా ఉన్న ముక్కు నేలకి రాసుకుంటూ పోతుంది, సోలు అంటు ఊడేది అక్కడే. మీ బాబు బూట్లు నోరు తెరవడానికి ఇది పెద్ద కారణమే అయ్యుండొచ్చు, పాత జతలో ముందు ఎంత ఖాళీ ఉందో ఒకసారి చూడండి. దూదితో బాగుపడేదేమీ లేదు. వదులుండేది మడమ దగ్గర, దూది పెట్టేది వేళ్ల దగ్గర. పైగా చెమటకి ఉండకట్టి గట్టిపడి వేళ్లని వెనక్కి ముడుస్తుంది.

ఇక నంబర్లు. మన దుకాణాల్లో రెండు లెక్కలు కలిసిపోయి ఉంటాయి. 12, 13, 1, 2 అనేవి ఇంగ్లండు లెక్క. అది 4 అంగుళాల దగ్గర సున్నాతో మొదలై, నంబరుకి అంగుళంలో మూడో వంతు చొప్పున, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పిల్లల నంబర్లు 13తో ఆగి మళ్లీ 1 నుంచి పెద్దల నంబర్లు మొదలవుతాయి. అందుకే 2 అన్నది 12 కంటే పెద్దది. ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు ఈ తికమకలోనే బడి పిల్లాడికి చంటిపిల్లల బూటు వచ్చి పడుతుంది. 30, 34 అనేవి యూరప్ లెక్క, నంబరుకి 6.7 మిల్లీమీటర్లు. అచ్చు పొడవు సెంటీమీటర్లలో తీసుకుని ఒకటిన్నరతో గుణిస్తే ఆ నంబరు వస్తుంది. రెండు లెక్కలూ చెప్పేది అచ్చు పొడవునే, పాదం పొడవుని కాదు. పాదానికి ముందు 10 నుంచి 14 మిల్లీమీటర్ల ఖాళీ కలుపుకోవాలి. నడిచేటప్పుడు పాదం సాగి ముందుకి జరగడానికి కొంత, పెరగడానికి కొంత.

మీ పిల్లల లెక్క వేద్దాం. పాపకి పెద్ద పాదమే కొలత, అంటే 18.9. పిల్లల 11 నంబరు అచ్చు 19.5 సెంటీమీటర్లు, ఖాళీ 6 మిల్లీమీటర్లే మిగులుతుంది, బిగుతు. 12 నంబరు 20.3, ఖాళీ 14 మిల్లీమీటర్లు, సరిపోతుంది. యూరప్ లెక్కలో 30. బాబుకి 21.8, కాబట్టి పెద్దల నంబర్లలో 2, అచ్చు 22.9, ఖాళీ 11 మిల్లీమీటర్లు. యూరప్ లెక్కలో 34. ఈ వయసులో పాదం ఏడాదికి ఇంచుమించు ఒక నంబరు పెరుగుతుంది. 14 మిల్లీమీటర్ల ఖాళీతో కొన్న బూటు ఏడాది చివరికి 5, 6 మిల్లీమీటర్ల దగ్గరకి వస్తుంది, అప్పటికి మార్చక తప్పదు. రెండేళ్ల ఆశ ఈ వయసులో పెట్టుకోవద్దు.

గోడకి ఆనించి కొలిచారు, మంచిదే. నిలబెట్టే కొలిచారా? కూర్చున్నప్పటి కంటే నిలబడి బరువు వేస్తే పాదం కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది. సాయంత్రం కొలిస్తే ఇంకా నయం, రోజంతా ఆడిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. అన్నిటికంటే పొడవైన వేలి దాకా కొలవాలి. కొందరికి అది బొటనవేలు కాదు, రెండో వేలు.

దుకాణానికి వెళ్లేముందు ఒక అట్టముక్క కత్తిరించుకోండి. పెళ్లి శుభలేఖ అట్ట అయితే ఇంకా బాగు, నిటారుగా నిలుస్తుంది. వేలంత వెడల్పు, పాదం పొడవుకి 10 మిల్లీమీటర్లు కలిపి పొడవు: పాపకి 19.9, బాబుకి 22.8. బూటులో మడమ దగ్గర్నుంచి ముందుకి ఆనించి దించండి. వంగకుండా పడుకుంటే పొడవు సరిపోయినట్టే. బొటనవేలి దగ్గర పైనుంచి నొక్కి చూడటం అందరూ చేసేదే గాని, నొక్కగానే పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు, జాగా చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. లోపలి అట్ట ఊడివచ్చే రకమైతే దాన్ని బయటికి తీసి దాని మీద పిల్లని నిలబెట్టడం అన్నిటికంటే తేలిక. ముందు ఎంత మిగిలింది, పక్కల నుంచి పాదం ఎంత పొంగింది, కంటికే కనబడిపోతుంది.

ఒక్క మాట, కంపెనీకో అచ్చు ఉంటుంది. ఒకే 12 నంబరు బాటాలో ఒకలా, లిబర్టీలో ఇంకోలా పట్టొచ్చు. నంబరు మాట వదిలి అట్టముక్కనే నమ్మండి.

సూది-సొల్యూషన్ (ఆమదాలవలస)

సైజు మాట మాస్టారు చెప్పేశారు. నోరు తెరవడం గురించి రిపేరు బల్ల మీద కనబడేది చెప్తాను.

ఎయ్యి లోపు బడి బూట్లకి సోలు మూడు రకాలుంటాది. పీవీసీ, పీయూ, టీపీఆర్. పీవీసీ నున్నగా మెరుస్తాది, బరువుంటాది, కొత్తలో ప్లాస్టిక్కు వాసనేస్తాది. అరుగుదలకి గట్టిదే, కానీ తడిసిన గ్రానైటు మెట్ల మీద జారుతాది. పీయూ చేతికి తేలిగ్గా ఉంటాది, బొటనవేలితో నొక్కితే దిగి మళ్లీ పైకొస్తాది, కోస్తే లోపల నురగలాగ ఉంటాది. కాలికి సుఖం. టీపీఆర్ రబ్బరులా ఉంటాది, పట్టు బాగుంటాది. మన వానలకి నన్నడిగితే టీపీఆర్, లేదంటే లోతు గాట్లున్న పీవీసీ.

పీయూతో ఒక చిక్కుంది, కొనేముందే తెలియాల. గాల్లో తేమకి అది లోపల్నుంచి విరిగిపోతాది. వాడకపోయినా సరే, డబ్బాలో ఉన్నా సరే. మూడు నాలుగేళ్ల పాత సరుకయితే పైకి కొత్తగా మెరుస్తాది గాని, వేసుకుని పది రోజులు తిరిగీసరికి సోలు గుండయిపోతాది. సముద్రం దాపునున్న ఊళ్లకి ఈ బెడద మరీ ఎక్కువ. తగ్గింపు ధర అన్న చోట డబ్బా మీద తయారైన నెల, ఏడాది సూడండి, అది అచ్చేసి ఉండాల. సోలు అంచుని గోటితో గీస్తే పొడి రాలినా, జిగురుగా తగిలినా ఒగ్గీయండి. అన్నకి కొన్న జత తమ్ముడికి పనికొస్తాదని అటక మీద దాచినా ఇదే గతి.

ఇక అంటు. సోలుని నేరుగా పైతోలు మీద పోతపోసినవి, సొల్యూషన్‌తో అంటించినవి అని రెండు రకాలు. పోతపోసినవి ఊడవు అనలేం గాని బేగి ఊడవు. అంటించినవాటికి చుట్టూ కుట్టుంటే నయం. అక్కడే మోసం ఉంటాది సూడండి, చాలా సోళ్లకి కుట్టు నిజం కాదు, కుట్టులాగ అచ్చు దించేస్తారు. అంచుని గోటితో కెలకండి, దారం పోగు కదలాల. లోపలి అట్ట ఎత్తి సూస్తే నిజం కుట్టయితే దారం లోపలికి దిగి కనబడతాది.

కొత్తలోనే ముందు ముక్కు దగ్గర కుట్టించుకోవచ్చా అని అడుగుతారు. అంచున దారం దిగడానికి గాడి ఉన్న సోలయితే కుట్టించండి, మైనం పట్టించిన నైలాను దారంతో, అంగుళానికి మూడు నాలుగు కుట్లు చాలు. మరీ దగ్గరగా కుడితే సూది కన్నాల వెంబడే చిరిగిపోతాది. సన్నం అంచు పీయూకి కుట్టు ఒద్దు, నురగ దారాన్ని నిలపలేదు.

ఇంటికాడ అంటించుకుంటే ఇలా చెయ్యండి. పాత సొల్యూషన్ మొత్తం గీకాల. రెండు ముఖాలూ గరుకు కాగితంతో రుద్దాల. దుమ్ము తుడిచి, తడి పూర్తిగా ఆరాక రెండు ముఖాలకీ పల్చగా సొల్యూషన్ రాయాల. పది పదిహేను నిమిషాలు ఒదిలేయాల, వేలికి అంటకుండా జిగటగా ఉన్నప్పుడు కలిపి గట్టిగా నొక్కాల. తాడు కట్టో, బరువు పెట్టో తెల్లారిందాకా కదపకూడదు. పచ్చిగా ఉండగానే అంటిస్తారు, అందుకే ఊడిపోతాది. ఫెవిక్విక్ వద్దు. అది ఆరితే గాజులాగ గట్టిపడతాది, బూటు వంగినప్పుడల్లా పగులుతాది, ఆ పగులు తర్వాత మళ్లీ మంచి సొల్యూషన్ కూడా పట్టదు. పీవీసీ సోలయితే మామూలు రబ్బరు సొల్యూషన్ నిలవదు. ప్లాస్టిక్కుని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటిది పైకొచ్చి అంటుని తినేస్తాది. పీయూ సొల్యూషన్ అనే అడగండి.

పైతోలు సూడ్డానికి రెండు వేళ్లతో ముక్కు దగ్గర మడిచి ఒదలండి. తెల్ల గీత పడి ఉండిపోయిందంటే అది నాసి రెక్సిన్, వంపు దగ్గర మూడు నెలలకే పొట్టు రేగుతాది. సన్నసన్నం ముడతలు పడి మళ్లీ సాగిపోతే పరవాలేదు. అద్దంలాగ మెరిసే రకం పిల్లలకి అసలొద్దు, వంపు దగ్గర పగలక మానదు. నిజం తోలయితే గాలాడతాది, కానీ పెరిగే కాలికి అంత సొమ్ము దండగ.

పాలకొండ రోడ్

ఇంత లెక్క ఎందుకండీ, నాలుగు వందల జతలు రెండు ఒకేసారి తెచ్చి పడేస్తే ఏడాది గడిచిపోదా? ఒకటి తడిస్తే ఒకటి.

మూడో వంతు అంగుళం (విజయనగరం)

మార్చి మార్చి వేయడం మంచిదే. చెమట పట్టిన బూటుకి లోపల పూర్తిగా ఆరడానికి ఒక రోజు పైనే పడుతుంది, రోజు విడిచి రోజు వేస్తే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. రెండూ జూన్‌లోనే కొనడం దగ్గరే నాకు అభ్యంతరం. ఒకటి ఇప్పుడు, రెండోది దసరా సెలవుల్లో మళ్లీ కొలిచి కొనండి. అప్పటికి పాదం మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది, కొందరికి నంబరే మారుతుంది. మన వైపు వాన సెప్టెంబరుతో పోదు కదా. హుద్‌హుద్ తుపాను 2014లో వచ్చినా, తిత్లీ తుపాను 2018లో వచ్చినా అక్టోబరులోనే. నవంబరు దాకా తడి రోజులే, రెండో జత అవసరం పడేది అప్పుడే.

నాలుగు వందల జతలో మూడు చూసుకుంటే చాలు. మడమ వెనక గట్టి భాగాన్ని రెండు పక్కల నుంచి బొటనవేలు, చూపుడువేలుతో నొక్కండి, లోపలికి సొట్టపోకూడదు. ముక్కుని పైకి వంచండి, ముందు మూడో వంతు దగ్గర వంగాలి, నడిమధ్య పుస్తకంలా మడతపడితే పక్కన పెట్టండి. తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పండి, కాస్త తిరగొచ్చు గాని పూర్తిగా మెలిపడకుండా గట్టిగా నిలవాలి. ఈ మూడూ నిలిస్తే ధర ఎంతైనా సరే.

ఇజీనారం ఫిజియో

బాబు చిటికెన వేలి గురించి. వెడల్పు పాదానికి నంబరు పెంచి సరిపెట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. 2 కరిచిందని 3 కొంటే వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు కూడా పెరగదు, పొడవు మాత్రం 8 పైనే పెరుగుతుంది. వెడల్పు కావాలంటే ముక్కు ఆకారం చూడాలి. సన్నగా కోసుగా వచ్చేవి వద్దు, గుండ్రంగా లేదా నలుచదరంగా, లోపల ఎత్తుగా ఉండే ముక్కు కావాలి. తెల్ల కాగితం మీద వాణ్ని నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయండి. ఆ కాగితం దుకాణానికి తీసుకెళ్లి సోలు కింద పెట్టి చూడండి. సోలు అంచు దాటి గీత బయటికి పోతే ఆ బూటు వాడిది కాదు, పిల్లాడు బాగుందన్నా సరే. కొత్త బూటు మోజులో పిల్లలు ఎప్పుడూ బాగుందనే అంటారు.

కొన్నాక ఇంట్లోనే అరగంట వేయించి, సాక్సు తీసి చూడండి. ఎర్రటి గుర్తులు పది పదిహేను నిమిషాల్లో మాయమైతే పరవాలేదు. అరగంట తర్వాతా ఉంటే, అదీ చిటికెన వేలి పక్కనో మడమ మీదో ఉంటే, మార్పించుకోండి. అందుకే బయట మట్టిలో తిప్పకుండా ఇంట్లో చాప మీద చూడమనేది, సోలు మాసిపోతే దుకాణం వాళ్లు వెనక్కి తీసుకోరు. వాడగా వాడగా సాగుతుందిలే అన్న మాట తోలుకి కొంత నిజం. రెక్సిన్ సాగదు, కరుస్తూనే ఉంటుంది.

వెల్క్రోనా లేసులా అంటే, ముడి తనంతట తను గట్టిగా వేసుకోగలిగే దాకా వెల్క్రో, ఆ తర్వాత లేసులు. పాపకి వెల్క్రో సరే, బాబుకి లేసులే. వెడల్పు పాదానికి లేసులతో ఇంకో లాభం ఉంది, వేళ్ల వైపు కన్నాల్లో వదులుగా, చీలమండ వైపు కన్నాల్లో బిగుతుగా కట్టుకోవచ్చు. వెల్క్రోకి ఆ వీలు లేదు. లేసు గుండ్రటిది జారుతుంది, బల్లపరుపుది పట్టు నిలుస్తుంది. వెల్క్రో పట్టు తప్పిందంటే సగం సార్లు అది పాడైపోయి కాదు, దాని కొక్కేల్లో దారప్పోగులు, వెంట్రుకలు చిక్కుకుని. పాత దువ్వెనతో గానీ సూదితో గానీ లాగేస్తే మళ్లీ పట్టుకుంటుంది. ఆడపిల్లల పట్టీ బూట్లలో ఎలాస్టిక్ పట్టీ కంటే బకిలు పట్టీ నయం, ఎలాస్టిక్ సంక్రాంతి నాటికి సాగిపోతుంది.

ఇంటికి రాగానే బూట్లు విప్పించేయండి. మన దేశంలోనే 2,300 మంది పిల్లల్ని చూసి 1992లో ప్రచురించిన పరిశీలనలో, చెప్పులూ బూట్లూ వేసుకునే పిల్లల్లో అరికాలి వంపు లేని చదును పాదం 8.6 శాతం మందికి ఉంటే, ఉత్తకాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతానికే ఉంది. మూసిన బూట్లు వేసుకునేవాళ్లలో మరీ ఎక్కువ. వాకిట్లో, మట్టిలో ఆడేటప్పుడు బూటు కాలికి మేలు చేయదు. మీ బాబు పాదం వెడల్పుకి కూడా భయపడక్కర్లేదు, ఉత్తకాళ్లతో తిరిగే పిల్లల పాదం ముందువైపు బాగా పరుచుకునే ఉంటుంది. బూటుకి తగ్గట్టు కాలిని సన్నం చేయలేం కదా.

రాజాం పీఈటీ

తడి బూట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. బూటు విప్పగానే లేసులు వదులు చేసి, లేసుల కింద ఉండే నాలికని పూర్తిగా ముందుకి లాగి, లోపలి అట్ట బయటికి తీసేయండి. తడి నిలిచేది దాని కిందే. పొడిగుడ్డతో లోపల అద్ది, పాత పేపరు ఉండలు చుట్టి ముక్కు దాకా కుక్కండి. గంటకోసారి మార్చాలి, తడి పేపరు అలాగే ఉంచితే పేపరు పెట్టీ లాభం లేదు. మూడు నాలుగు సార్లు మార్చాక పేపరు తీసేసి, బూటుని పక్కకి వాల్చి ఫ్యాను గాలికి పెడితే తెల్లారేసరికి చాలావరకు ఆరుతుంది. పొయ్యి పక్కన, ఎర్రటి ఎండలో, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టకండి. వేడికి సొల్యూషన్ మెత్తబడి సోలు అంచు లేస్తుంది, రెక్సిన్ బిగిసి ముడుచుకుంటుంది. నోరు తెరిచే బూట్లలో ఇలా ఎండబెట్టినవీ చాలానే ఉంటాయి. వానాకాలంలో రెండు రోజులు మూలన పడేస్తే తెల్లటి బూజు పడుతుంది. ఆరాక బయట దులిపి, తడిగుడ్డతో తుడిచి మళ్లీ గాలికి పెట్టాలి. బూజు మీద పాలిష్ రాస్తే అది లోపలే ఉండిపోయి వాసన మొదలవుతుంది.

మీ బడిలో ఒప్పుకుంటే వాన పడే రోజు శాండల్స్‌తో పంపి, బూట్లు కవర్లో పెట్టివ్వండి. చాలాచోట్ల అడిగితే కాదనరు.

పాలిష్ విషయం: రెక్సిన్ బూటుకి మైనం పాలిష్ వల్ల ఒరిగేదేమీ లేదు, అది తోలులోకే ఇంకుతుంది. ద్రవం పాలిష్ రోజూ రాస్తే పొర మీద పొర పేరుకుని వంపు దగ్గర పెచ్చులూడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు, సోమవారం ఒకసారి రాసినా సరే.

సాక్సులు బూటుతో పాటే కొనండి, అవి వేసుకునే బూటు చూడండి. పూర్తి నైలాను చెమట పీల్చదు. నూలు ఎక్కువ, కొంచెం నైలాను, పైన ఎలాస్టిక్ ఉన్నవి మన ఉక్కకి నయం. పిల్లకి నాలుగు జతలుండాలి. పెద్ద సాక్సు మడత పడి బూటు కరిచే చోటే బొబ్బ లేపుతుంది, దాని నింద బూటు మీద పడుతుంది. ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి.

సైకిలు మీద వెళ్లే పిల్లాడైతే ఇంకోటి గమనించండి, కాలితో బ్రేకు వేస్తున్నాడా? ఒకే బూటు ముక్కు అరిగిపోయి రెండోది కొత్తగా ఉంటే అదే కారణం. బూటు మార్చేముందు బ్రేకు బిగించండి. లేసు కొసలు గొలుసులో చిక్కకుండా లోపలికి దోపమనండి. రాళ్లు తన్నే అలవాటుంటే సోలు ముందుకి, పైకి లేచి ముక్కుని కప్పే రకం తీసుకోవాలి. ముక్కు దగ్గర సోలు, పైతోలు కలిసే గీత నేరుగా బయటికి కనబడే బూటు వాడి దగ్గర ఆర్నెల్లు కూడా నిలవదు.

వారానికి ఒకట్రెండు రోజులు తెల్ల బూట్లు అడిగే బళ్లున్నాయి. వాటికి గుడ్డ బూట్లు చాలు. సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చి ఉతికి, తెల్ల పల్చటి కాగితం చుట్టి నీడలో ఆరబెట్టండి. పసుపు మరకలు పడేది చాలావరకు మిగిలిపోయిన సబ్బు వల్లే.

ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులెవరైనా చదువుతుంటే ఒక మాట. ప్రభుత్వం ఇచ్చే కిట్టులో బూట్లు, రెండు జతల సాక్సులు వస్తాయి కాబట్టి కొనే పని లేదు గాని, కొలత తీసిన రోజుకీ చేతికొచ్చిన రోజుకీ మధ్య నెలలు గడిస్తే అట్టముక్కతో మళ్లీ చూడండి. బిగుతుగా ఉంటే వేయించకుండానే, సోలు మాయకుండానే హెడ్మాస్టరుకి చెప్పాలి. పదిమంది తల్లిదండ్రులు ఒకేసారి చూసుకుంటే అక్కడికక్కడే పిల్లల మధ్య జతలు మార్చుకోవచ్చు కూడా.

బలగ అమ్మ (శ్రీకాకుళం)

అందరికీ చాలా థాంక్సండి. నిలబెట్టి సాయంత్రం మళ్లీ కొలిచాను, బాబుకి 22.0, పాపకి 19.0 వచ్చాయి. పాపకి 12 నంబరులో అట్టముక్క సరిగ్గా పడుకుంది, కానీ నడిస్తే మడమ కొంచెం పైకి లేస్తోంది. 11 అయితే వేళ్లు తగులుతున్నాయి. ఏం చెయ్యాలి? బాబుకి 2 నంబరే ఉంచాలా?

మూడో వంతు అంగుళం (విజయనగరం)

బాబుకి 22.0 అయితే 2 నంబరులో 9 మిల్లీమీటర్లే మిగులుతుంది. ఇప్పుడు పడుతుంది, దసరా దాటదు. గుండ్రటి ముక్కున్న అచ్చులో 3 వేయించి చూడండి. ఖాళీ 17 వస్తుంది, అది కాస్త ఎక్కువే. కాబట్టి 3 లో మడమ కదలకుండా పట్టి, లేసులు బిగిస్తే పాదం ముందుకి జారకపోతేనే తీసుకోండి. జారితే 2 కొని, రెండో జతని దసరాకి 3 కొనండి. నేనైతే రెండో దారే మేలంటాను.

పాపకి 12 నంబరే. మడమ రెండు మూడు మిల్లీమీటర్లు లేవడం కొత్త బూటుకి మామూలే, సోలు ఇంకా బిరుసుగా ఉంటుంది కాబట్టి, వారం పదిరోజుల్లో తగ్గుతుంది. మడమ వెనక వేలు దూరేంత వదులుంటే మాత్రం ఆ అచ్చు పాపకి సరిపడనట్టు, అదే నంబరు ఇంకో కంపెనీలో చూడండి. ఈలోగా చేతిలో ఉన్నదానికి లోపలి అట్ట కింద 2 మిల్లీమీటర్ల మందం పల్చటి అట్ట ఇంకోటి వేయండి, పాదం మొత్తం పైకి లేచి పట్టీ కింద బిగుస్తుంది. వేళ్ల దగ్గర పైకప్పు తగలడం లేదని చూసుకున్నాకే వేయాలి. నాలుగైదు నెలలకి పాదం పెరిగాక ఆ కింది అట్ట తీసేస్తే సరిపోతుంది.

సూది-సొల్యూషన్ (ఆమదాలవలస)

ఆ అట్టకి పాత రబ్బరు చెప్పు ముక్క కొయ్యొద్దు, చెమట పీల్చదు, వాసనొస్తాది. బూట్ల సామాను దుకాణాల్లో అట్టలు విడిగా దొరుకుతాయి. 12 నంబరు అడిగి, ముక్కు దగ్గర బూటు ఆకారానికి కత్తిరించుకోండి. మడమ వైపు కొయ్యకూడదు.